మిశ్రమ నేలల రేసుకు ఆఫ్‌రోడ్ బైక్ టైర్లు ఎంచుకోవడం: ట్రాక్ చూడటం నుంచి గాలి ఒత్తిడి దాకా

ఒకే ల్యాపులో నేల నాలుగుసార్లు మారుతుంది. స్టార్టు దగ్గర అణిగి గట్టిపడిన మట్టి, కాస్త దూరం పోగానే చక్రం దిగబడే ఇసుక, ఆ తరువాత విడిరాళ్లతో నిండిన ఎక్కుడు, చివర వాగు పక్కన బురద. వీటిలో ఏ ఒక్కదానికైనా సరిగ్గా సరిపోయే టైరు దొరుకుతుంది. నాలుగింటికీ సరిపోయేది ఎవరూ తయారుచేయలేదు. కాబట్టి మిశ్రమ నేలల రేసుకు వెళ్లేవారు మంచి టైరు ఏదని వెతకడం కన్నా, ఈ ట్రాక్ మీద ఎక్కడ పట్టు తప్పితే తమకు ఎక్కువ నష్టమో ముందు తేల్చుకోవాలి.

ఆ నష్టం రెండు చక్రాలకూ ఒకేలా ఉండదు. ముందు చక్రం పక్కకు జారితే చాలాసార్లు రైడర్ కింద పడతాడు. వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగితే కొన్ని సెకన్లు పోతాయి, బండి మాత్రం నిలబడే ఉంటుంది. అందుకే ముందు టైరును ట్రాక్ మొత్తంలో నమ్మకం తక్కువగా ఉన్న చోటును బట్టి, వెనక టైరును థ్రాటిల్ ఎక్కువసేపు తెరిచి ఉంచే నేలను బట్టి ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. రెండూ ఒకే పేరున్న జతగా ఉండాలన్న నియమం ఏదీ లేదు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే ఆధారపడింది.

మొదటి అడుగు: నిబంధనలు చదవండి

టైరు కొన్నాక నిబంధనలు చదివేవారు చాలామంది ఉన్నారు. అది తలకిందుల పద్ధతి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య (ఎఫ్‌ఐఎం) నిబంధనల కింద జరిగే ఎండ్యూరో పోటీల్లో, అంటే అడవి, కొండ దారుల్లో సాగే దూరపు పోటీల్లో, టైరు ట్రెడ్ (నేలకు ఆనే గాట్ల భాగం) లోతు 13 మిల్లీమీటర్లు దాటకూడదు. మోటోక్రాస్ (దూకుళ్లు, మలుపులు ఉన్న మట్టి ట్రాక్ రేసు) కోసం చేసిన కొత్త వెనక టైరు ట్రెడ్ సాధారణంగా అంతకన్నా లోతుగా ఉంటుంది కాబట్టి అది అక్కడ తనిఖీలోనే ఆగిపోతుంది. రేసులో కొంత భాగం మామూలు రోడ్డు మీదుగా సాగితే, రోడ్డు మీద వాడేందుకు అనుమతి గుర్తు ఉన్న టైరే కావాలి. టైరు పక్కగోడ మీద ఎన్‌హెచ్‌ఎస్ అనే అక్షరాలు కనిపిస్తే అది రోడ్డు వాడకానికి తయారైనది కాదని అర్థం. ఇసుక దిబ్బల కోసం అడ్డంగా పొడవైన రెక్కలతో చేసే ప్యాడిల్ టైర్లను చాలా పోటీల్లో అసలు అనుమతించరు.

రెండో అడుగు: ట్రాక్‌ను కాళ్లతో చూడండి

వీలైతే ట్రాక్ అంతా నడవండి. నేల మారినట్టు అనిపించిన ప్రతిచోటా ఆగి, బూటు మడమతో ఒక్కసారి గట్టిగా తన్నండి. దుమ్ము మాత్రమే లేచి మడమ దిగకపోతే అది గట్టి నేల. వేలి కణుపంత గుంట పడి మట్టి పెళ్లలుగా లేస్తే మధ్యస్థం. మడమ మొత్తం దిగిపోతే మెత్తని నేల. తరువాత గుప్పెడు మట్టి తీసుకుని పిడికిట్లో నొక్కి, చేయి తెరవండి. పొడిపొడిగా రాలిపోతే టైరు తనంతట తాను శుభ్రపడుతుంది. ముద్దగా మారి వేళ్ల మధ్య అంటుకుంటే, అదే మట్టి టైరు సందుల్లోనూ అలాగే అంటుకుపోతుంది. బంకమట్టి ఉన్న ట్రాక్‌లో ఈ పరీక్ష మడమ పరీక్ష కన్నా విలువైనది.

నేలను మీటర్లలో కాకుండా సెకన్లలో కొలవండి. గట్టి నేల మీద కిలోమీటరు దూరం ఎంత త్వరగా అయిపోతుందో, ఇసుకలో దాని మూడోవంతు దూరానికీ అంతే సమయం పట్టవచ్చు. ప్రాక్టీసు ల్యాపు ఉంటే ఒక్కో భాగంలో ఎంతసేపు ఉన్నారో గడియారంతో చూసుకోండి. వెనక టైరు ఎంపిక చాలావరకు ఈ అంకెల నుంచే తేలుతుంది.

మీ రేసు ఏ వేళకు మొదలవుతుందన్నదీ లెక్కలోకి రావాలి. ఉదయం నీళ్లు చల్లి దున్నిన ట్రాక్ మొదటి పోటీకి మెత్తగా ఉంటుంది. బండ్లు తిరిగేకొద్దీ పైమట్టి మలుపుల అంచులకు చేరి కట్టలా పేరుకుంటుంది, మధ్యలో అడుగున ఉన్న గట్టి నేల బయటపడుతుంది. అడవి దారుల్లోనైతే మట్టి కొట్టుకుపోయి రాళ్లు, చెట్ల వేళ్లు పైకి తేలతాయి. ఉదయం చూసిన నేలకు టైరు బిగించి మధ్యాహ్నం పోటీకి దిగడం చాలామంది చేసే పొరపాటు.

మూడో అడుగు: టైరు పట్టు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి

ఇది అర్థమైతే మిగతా ఎంపిక సగం పూర్తయినట్టే. ఆఫ్‌రోడ్ టైరు మీద విడివిడిగా నిలబడే రబ్బరు దిమ్మలను నాబ్‌లు అంటారు. మెత్తని నేలలో నాబ్ మట్టిలోకి దిగి, పార అంచులా మట్టిని వెనక్కి నెడుతుంది, బండి ముందుకు కదులుతుంది. దానికి నాబ్ ఎత్తుగా ఉండాలి, మట్టి రాలిపోవడానికి పక్క నాబ్‌కు మధ్య ఎడం ఎక్కువ ఉండాలి, ఒత్తిడికి వంగకుండా రబ్బరు బిగువుగా ఉండాలి. గట్టి నేలలో నాబ్ లోపలికి దిగనే దిగదు. అక్కడ పట్టు అంతా రబ్బరుకూ నేలకూ మధ్య రాపిడి వల్ల వస్తుంది. కాబట్టి నేలకు ఆనే రబ్బరు ఎక్కువ ఉండాలి, అంటే నాబ్‌లు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉండాలి. నేల గరుకులోకి ఇమిడిపోవడానికి రబ్బరు మెత్తగా ఉండాలి.

కొత్తవారు ఇక్కడే తడబడతారు. మెత్తని నేల కోసం చేసిన టైరులో రబ్బరు గట్టిగా, గట్టి నేల కోసం చేసిన టైరులో రబ్బరు మెత్తగా ఉండటం సర్వసాధారణం. దుకాణంలో నాబ్‌ను వేలితో నొక్కి, మెత్తగా ఉంది కాబట్టి ఇది బురదకు పనికొస్తుందని తేల్చేస్తే ఫలితం తారుమారవుతుంది.

తప్పు టైరు ఎలా దెబ్బతీస్తుందో చూడండి. మెత్తని నేల టైరును గట్టి నేల మీద నడిపితే ఎత్తైన నాబ్‌లు మలుపులో పక్కకు వాలిపోతాయి. హ్యాండిల్ తిప్పాక బండి ఒక క్షణం ఆలస్యంగా స్పందిస్తుంది, ఆపై ఒక్కసారిగా జారుతుంది. కొంతసేపటికి నాబ్ మొదలు దగ్గర చీలికలు వస్తాయి, రాళ్లు తగిలితే నాబ్‌లు ముక్కలుగా ఊడిపోతాయి. గట్టి నేల టైరు బురదలోకి వెళితే రెండు మూడు మలుపుల్లోనే సందులన్నీ పూడిపోయి, నాబ్‌లు ఉన్నా లేనట్టే అవుతుంది. మొదటి తప్పు టైరును తినేస్తుంది, రెండో తప్పు ఆ చోట బండిని పూర్తిగా నిస్సహాయం చేస్తుంది. ముందు టైరు విషయంలో మెత్తని నేల వైపు మొగ్గమనడానికి కారణం ఇదే. గట్టి నేల మీద దాని పట్టు తగ్గినా కొంత మిగులుతుంది, బురదలో గట్టి నేల టైరుకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

నాబ్‌ల అడుగున ఉండే దారాల పొరల నిర్మాణం, పక్కగోడల మందం కూడా పట్టును నిర్ణయిస్తాయి. మోటోక్రాస్ టైరు పక్కగోడ పలుచగా, తేలికగా ఉంటుంది, దూకి దిగినప్పుడు కుదుపును మింగుతుంది. రాళ్ల దారుల కోసం చేసిన ఎండ్యూరో టైరు పక్కగోడ మందంగా ఉంటుంది, కోతలను తట్టుకుంటుంది, బరువు మాత్రం పెరుగుతుంది. ట్రాక్‌లో పదునైన రాళ్లు ఉన్నాయంటే ట్రెడ్ నమూనా కన్నా ముందు పక్కగోడ గురించి ఆలోచించండి. చీలిన టైరు మీద ఎంత గొప్ప నాబ్ ఉన్నా ప్రయోజనం లేదు.

నాలుగో అడుగు: పేర్లను చదవడం

తయారీదారులు టైర్లను మెత్తని, మధ్యస్థ, గట్టి నేలల వారీగా విభజిస్తారు. బ్రిడ్జ్‌స్టోన్ బాటిల్‌క్రాస్ వరుసలో ఎక్స్10 ఇసుకకూ బురదకూ, ఎక్స్40 గట్టి నేలకు. సంఖ్య పెరిగేకొద్దీ గట్టి నేల వైపు జరుగుతుంది. డన్‌లప్ జియోమ్యాక్స్ ఎంఎక్స్33 మెత్తని నేల నుంచి మధ్యస్థం దాకా, ఎంఎక్స్53 మధ్యస్థం నుంచి గట్టి నేల దాకా పనిచేస్తాయి. మిషెలిన్ స్టార్‌క్రాస్ 6 వరుసలో ఇసుక, బురద, మధ్యస్థ మెత్తన, మధ్యస్థ గట్టి అన్న విభజన పేరులోనే కనిపిస్తుంది. ఒక సంస్థ మధ్యస్థం అన్నది మరో సంస్థ మధ్యస్థంతో సమానం కానక్కరలేదు. అందుకే పేరు చూశాక నాబ్ ఎత్తు, ఎడం, రబ్బరు బిగువు ఈ మూడింటినీ కళ్లతో, చేతులతో పరీక్షించాలి.

వీటికి తోడు గమ్మీ అని పిలిచే అతి మెత్తని రబ్బరు టైర్లు ఉన్నాయి. తడి రాళ్లు, తడిసిన చెట్ల వేళ్ల మీద నాబ్ ఆకారం కన్నా రబ్బరు మెత్తదనమే ఎక్కువ పనిచేస్తుంది. అలాంటి చోట్ల మామూలు టైరు గిర్రున తిరుగుతుంటే గమ్మీ టైరు అంటుకుని ఎక్కుతుంది. అయితే వేగంగా పోయే పొడి దారిలో అది అటూ ఇటూ వాలుతుంది, చూస్తుండగానే అరిగిపోతుంది. నిదానంగా ఎక్కే కఠిన ఎండ్యూరోకు గమ్మీ సరే, ల్యాపులో సగం వేగపు దారి ఉంటే దాని జోలికి పోవద్దు.

ఐదో అడుగు: ముందు వెనక విడివిడిగా నిర్ణయించడం

కొన్ని సందర్భాలు తీసుకుందాం. ట్రాక్‌లో ఎక్కువ భాగం గట్టి నేల, ఒకచోట వాగు దాటాక కొంత బురద ఉందనుకోండి. ముందు మధ్యస్థ మెత్తన, వెనక మధ్యస్థ గట్టి టైరు బిగిస్తాను. బురదలో వెనక చక్రం కాస్త తిరిగినా వేగం ఊపుతో బయటపడవచ్చు. ముందు చక్రం దారి తప్పకపోతే చాలు.

సగం ఇసుక, సగం గట్టి నేల అయితే వెనక కూడా మధ్యస్థ మెత్తన వైపు వెళ్లాలి. ఇసుకలో వెనక చక్రం తవ్వుకుంటూ కూర్చుంటే అక్కడ పోయే సమయం గట్టి నేల మీద ఎంత వేగంగా పోయినా తిరిగి రాదు. ఇంజను శక్తినీ ఇక్కడే చూడాలి. 450 సీసీ బండి గట్టి నేల మీద మెత్తని నేల టైరు నాబ్‌లను చీల్చేయగలదు. 125 సీసీ బండికి ఆ భయం తక్కువ, కానీ వెడల్పైన, బరువైన వెనక టైరును తిప్పడానికే దాని శక్తిలో చాలా భాగం పోతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైనది గట్టి నేల మీద పలుచగా పరుచుకున్న విడికంకర. నాబ్ కంకరను పక్కకు తోసి అడుగు నేలను అందుకోవాలి, అందుకున్నాక రాపిడితో పట్టు నిలుపుకోవాలి. అంటే మెత్తని నేల టైరుకు ఉండే ఎడం కొంత, గట్టి నేల టైరుకు ఉండే మెత్తని రబ్బరు కొంత కావాలి. ముందూ వెనకా మధ్యస్థ టైరే దీనికి సరైన సమాధానం. ముందు టైరులో భుజం నాబ్‌లు, అంటే అంచు వరుసలో ఉండేవి, మొదలు దగ్గర వెడల్పుగా, బలంగా ఉన్న నమూనా ఎంచుకోండి.

రాళ్లు, చెట్ల వేళ్లు నిండిన అడవి దారికి ముందు మందమైన పక్కగోడ ఉన్న మధ్యస్థ ఎండ్యూరో టైరు, వేగం తక్కువైతే వెనక గమ్మీ. ఎటూ తేలకపోతే ముందు ఒక మెట్టు మెత్తని నేల వైపు, వెనక ఒక మెట్టు గట్టి నేల వైపు జరగండి.

ఆరో అడుగు: కొలతలు

80/100-21 51ఎం అని రాసి ఉంటే వెడల్పు 80 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పుకు 100 శాతం, రిమ్ వ్యాసం 21 అంగుళాలు. 51 అన్నది భారం సూచిక, 195 కిలోలకు సమానం. ఎం అంటే గంటకు 130 కిలోమీటర్ల వేగం దాకా.

వెనక రిమ్ మోటోక్రాస్ బండ్లకు 19 అంగుళాలు, ఎండ్యూరో బండ్లకు 18 అంగుళాలు ఉండటం మామూలు. లెక్క వేసి చూస్తే ఈ తేడా ఎందుకో తెలుస్తుంది. 110/90-19 టైరు పక్కగోడ 99 మిల్లీమీటర్లు, 110/100-18 టైరుకు 110. రెండు చక్రాల మొత్తం వ్యాసం దాదాపు ఒకటే, నాలుగు మిల్లీమీటర్ల లోపే తేడా. కానీ 18 అంగుళాల రిమ్‌కూ రాయికీ మధ్య 11 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి అదనంగా ఉంటాయి. రాళ్ల మీద రిమ్‌ను, ట్యూబును కాపాడేది ఆ అదనపు ఎత్తే. 19 అంగుళాల చక్రంలో పక్కగోడ తక్కువగా వంగుతుంది కాబట్టి మోటోక్రాస్ మలుపుల్లో బండి కచ్చితంగా తిరుగుతుంది.

రిమ్‌కు తగిన వెడల్పు దాటి టైరు బిగించకండి. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు అంచులు లోపలికి లాగుకుని, మధ్య భాగం ఉబ్బుతుంది. అప్పుడు నేలకు ఆనే భాగం తగ్గుతుంది, భుజం నాబ్‌లు మలుపులో ఆలస్యంగా అందుతాయి. వెనక టైరు స్వింగ్‌ఆర్మ్‌కూ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) చైనుకూ తగలకుండా ఎడం ఉందో లేదో కూడా చూడాలి, బురద పేరుకుంటే ఆ ఎడం ఇంకా తగ్గుతుంది.

టైరు మీద చివర నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. చాలాకాలం నిల్వ ఉన్న టైరులో రబ్బరు బిగుసుకుపోతుంది, గమ్మీ టైరు కొనేటప్పుడు ఈ అంకె తప్పక చూడాలి.

ఏడో అడుగు: టైరు లోపల ఏముండాలి

మందమైన ట్యూబు అన్నిటికంటే సులువైన దారి. ఒత్తిడిని మీకు కావలసినట్టు మార్చుకోవచ్చు, దారిలో పంక్చరైనా ట్యూబు మార్చి సాగిపోవచ్చు. ఒత్తిడి మరీ తగ్గిస్తే మాత్రం ట్యూబు రిమ్‌కూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

మూస్ అంటే ట్యూబు స్థానంలో కూర్చునే గట్టి నురగ వలయం. మిషెలిన్ దీన్ని 1980లలో ఎడారి ర్యాలీల కోసం తెచ్చింది. దానిలో గాలి లేదు కాబట్టి పంక్చరు అన్న మాటే ఉండదు. కొత్త మూస్ దాదాపు 13 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి ఉన్న ట్యూబులా అనిపిస్తుంది, వాడేకొద్దీ కుంచించుకుపోయి మెత్తబడుతుంది. ఒత్తిడి మార్చే వీలు లేదు, లోపల జెల్ రాయాలి, టైరు లోపలి కొలతకు సరిగ్గా సరిపోవాలి. ఎక్కువసేపు వేగంగా రోడ్డు మీద నడిపితే వేడికి పాడవుతుంది. ట్యూబ్లిస్ పద్ధతిలో రిమ్‌కు ఆని ఉండే లోపలి గదిలో సుమారు 110 పిఎస్ఐ నింపి టైరు అంచులను బిగించి పట్టుకుంటారు, బయటి గదిలో చాలా తక్కువ ఒత్తిడితో నడపవచ్చు. లోపలి గది ఒత్తిడిని ప్రతిసారీ బయలుదేరే ముందు చూడాలి. రాళ్లు ఎక్కువున్న పోటీల్లో అనుభవం ఉన్నవారికి మూస్ మంచిది. నేలలను బట్టి ఇంకా ప్రయోగాలు చేస్తున్నవారు ట్యూబుతోనే ఉండటం మేలు, ఒత్తిడి మార్పు నేర్పే పాఠం మూస్ నేర్పదు.

ఎనిమిదో అడుగు: గాలి ఒత్తిడి

టైరు సరైనదే అయినా ఒత్తిడి రెండు పిఎస్ఐ తప్పితే అది వేరే టైరులా ప్రవర్తిస్తుంది. మందమైన ట్యూబుతో ముందు 13, వెనక 12 పిఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. ఇసుక, బురద ఎక్కువైతే ఒక్కో పిఎస్ఐ చొప్పున 10 దాకా తగ్గించండి, పదునైన రాళ్లుంటే 14 లేదా 15కు పెంచండి. మిశ్రమ నేలలో ఇసుక కోసం తగ్గించి రాళ్ల దగ్గర పంక్చరు తెచ్చుకోవడం కన్నా, రాళ్లకు సరిపోయే కనీస ఒత్తిడి ఎంతో కనుక్కుని అక్కడే ఆగడం మంచిది. ఒక ల్యాపు తిరిగి వచ్చాక రిమ్ అంచును వేలితో తడమండి. కొత్తగా సొట్ట తగిలితే ఒత్తిడి తక్కువైంది.

గేజ్ చిన్న అంకెల పరిధిది కొనండి. 0 నుంచి 60 దాకా చూపే గేజ్ మీద 12కూ 13కూ తేడా కనిపించదు. కొలత ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే తీయాలి. ఈ ఒత్తిడుల దగ్గర ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఒత్తిడి సుమారు 1 పిఎస్ఐ పెరుగుతుంది. తెల్లవారుజామున సరిచేసిన టైరును ఎండలో నిలబెడితే, చక్రం కదలకముందే మీ లెక్క మారిపోతుంది. బండిని నీడలో ఉంచి, స్టార్టుకు ముందు మళ్లీ చూడండి. కొండ ప్రాంతపు పోటీల్లో ఎత్తు కూడా లెక్కే. సముద్రమట్టం దగ్గర గాలి నింపి 1500 మీటర్ల ఎత్తుకు వెళితే బయటి గాలి పీడనం తగ్గడం వల్ల గేజ్ మీద సుమారు 2 పిఎస్ఐ ఎక్కువ కనిపిస్తుంది.

తొమ్మిదో అడుగు: బిగించడం

పక్కగోడ మీద తిరిగే దిశ చూపే బాణం ఉంటే దాన్ని పాటించండి. రెండు దిశల బాణాలుంటే ఏది ఏ నేలకో పక్కనే రాసి ఉంటుంది. టైరు అంచుకు సబ్బునీళ్లు రాసి, అంచు రిమ్ చుట్టూ సమంగా కూర్చుందో లేదో చూడండి. తక్కువ ఒత్తిడిలో టైరు రిమ్ మీద తిరిగిపోకుండా పట్టే రిమ్ లాక్ రెండు చక్రాలకూ ఉండాలి. ట్యూబు వాల్వు నట్టును రిమ్‌కు బిగించకుండా, పైకి వాల్వు మూత దగ్గరికి తిప్పి ఉంచండి. ట్యూబు జరిగితే వాల్వు పక్కకు ఒరిగి ముందుగానే తెలుస్తుంది. నట్టు రిమ్‌కు బిగిసి ఉంటే ఆ సంగతి వాల్వు తెగాకే తెలుస్తుంది. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి ఒకటి రెండు ల్యాపులు నిదానంగా తిప్పండి. కొత్త టైరును నేరుగా రేసులోనే మొదలుపెట్టకండి.

పదో అడుగు: అరుగుదలను చదవడం

రేసు అయ్యాక టైరు కడిగి వెలుతురులో చూడండి. వెనక టైరు మధ్య నాబ్‌ల ముందంచులు సమంగా గుండ్రబడితే ఎంపిక సరిపోయినట్టు. నాబ్ మొదలు దగ్గర చీలికలు, ఊడిన ముక్కలు కనిపిస్తే ఆ ట్రాక్‌కు టైరు మరీ మెత్తని నేల రకం, తరువాత ఒక మెట్టు గట్టి నేల వైపు వెళ్లండి. అంచులు చెక్కుచెదరకుండా ఉన్నా రేసులో చక్రం ఊరికే తిరిగిందంటే ఎత్తైన నాబ్‌లున్న రకం కావలసి ఉంటుంది. పక్కగోడ మీద కింది దాకా గీతలు పడితే ఒత్తిడి తగ్గిపోయింది.

ముందు టైరు నిదానంగా అరుగుతుంది కాబట్టి చాలామంది దాన్ని మరిచిపోతారు. మధ్య నాబ్‌ల ఎత్తు చూసి ఇంకా బాగుందనుకుంటారు. చూడవలసినవి భుజం నాబ్‌లు. వాటి బయటి అంచు గుండ్రబడితే, లేదా మొదలు దగ్గర వేలు పెట్టి వంచినప్పుడు చీలిక తెరుచుకుంటే, మధ్యలో ఎంత రబ్బరు మిగిలినా ఆ టైరును ప్రాక్టీసుకు దించేయండి. వెనక టైరు మీద దిశ బాణం లేకపోతే తిప్పి బిగించి, అరగని అంచుతో మరికొంత కాలం సాధన చేసుకోవచ్చు. ఏ ట్రాక్, ఏ వేళ, నేల ఎలా ఉంది, ముందు వెనక ఏ టైరు, ఎంత ఒత్తిడి, అరుగుదల ఎలా వచ్చింది అన్న వివరాలు టైరు విప్పకముందే పుస్తకంలో రాసి పెట్టుకోండి.